దిబ్బపల్లిలో ఎర్రదారం కట్టిన చెట్లు

1999వ సంవత్సరం, ఫిబ్రవరి నెల రెండో ఆదివారం, ఉదయం ఎనిమిది గంటలకు నేను ధర్మవరం బస్సు దిగి దిబ్బపల్లి చెరువు కట్ట ఎక్కాను. ఎక్కీ ఎక్కకముందే మైకు వినిపించింది. మామూలు ఆదివారాల్లో ఆ వేళకు కట్ట మీద గొర్రెలు తప్ప ఎవరూ ఉండరు. ఆ రోజు మనుషులు బారులు తీరి ఉన్నారు. టెంకాయలు కొడుతున్నారు. కట్ట చివర, నీళ్లలో నిలబడిన నల్లతుమ్మ చెట్లకు ఎదురుగా, గుంజలు పాతి పచ్చికొమ్మలతో పందిరి వేశారు. పందిట్లో పసుపు బట్ట కట్టుకొని, నుదుటి నిండా కుంకుమ పెట్టుకొని కూర్చున్న మనిషి చౌడప్ప. మా పిల్లల క్లబ్బులో పద్మ అనే అమ్మాయి ఉంది, ఆ పిల్లకు నాయన.

నేను మనుషులను వదిలి పైకి చూశాను. కొంగలన్నీ ఆకాశంలో తిరుగుతున్నాయి. గూళ్ల మీద పెద్దకొంగ ఒక్కటీ లేదు. పని చెడిందని నాకు అప్పుడే తెలిసిపోయింది.

ఏం చెడిందో చెప్పాలంటే ముందు నా పని ఏమిటో చెప్పాలి. నా పేరు ఓబులమ్మ. పెనుకొండలో మొక్కల నర్సరీలో కవర్లకు మట్టి నింపే కూలీగా మొదలుపెట్టాను. నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాను. చదవడం, రాయడం వచ్చాక హిందూపురంలోని ఒక స్వచ్ఛంద సంస్థ నన్ను యానిమేటర్‌గా తీసుకుంది. యానిమేటర్ అంటే ఊరూరూ తిరిగి జనాన్ని ఒక పనికి కూడగట్టే మనిషి. బడి లేని వేళల్లో పిల్లలతో ప్రకృతి క్లబ్బులు నడపడం నాకు అప్పగించిన పని.

నేచర్ క్లబ్బు పేరు చెప్పి చాలాచోట్ల ఏం చేస్తారో నేను చూశాను. జూన్ నెలలో ఒక మొక్క నాటి దాని చుట్టూ నిలబడి ఫోటో దిగుతారు. జూలైలో దాన్ని మేక తింటుంది. ఆ మేకకున్నంత ఆసక్తి కూడా పిల్లలకు ఆ మొక్క మీద ఉండదు. ఉపన్యాసాలంటే నాకు మొదటి నుంచీ పడదు. మా పద్ధతి వేరు. ప్రతి నెలా పిల్లలే తమలో ఒకరిని నాయకుడిగానో, నాయకురాలిగానో ఎన్నుకుంటారు. ఆ నెల ఏ పని చేయాలో వాళ్లే తేల్చుకుంటారు. ఊరి పెద్దలతో మాట్లాడాల్సి వస్తే ఆ నెల నాయకత్వం ఎవరిదో వాళ్లే మాట్లాడాలి. నేను పక్కన ఉంటాను. నీళ్లలో పడితే పైకి తీస్తాను. అంతకు మించి చేయి పెట్టను.

దిబ్బపల్లి ఒక దీవి లాంటి ఊరు. ధర్మవరం, పెనుకొండల నడుమ ఒక పాత చెరువు ఉంది. ఎప్పుడో దాని కట్ట ఎత్తు పెంచారు. అప్పటి నుంచి మంచి వాన కురిసిన ఏడు ఊరి చుట్టూ నీళ్లు తిరుగుతాయి. ఆ నెలల్లో బడికి పోవాలన్నా, సంతకు పోవాలన్నా పుట్టి ఎక్కాల్సిందే. పుట్టి అంటే వెదురుతో అల్లి, అడుగున తారు పూసిన గుండ్రటి పడవ. సగం ఊరు ధర్మవరం వెళ్లిపోయింది. పట్టుచీరలు నేసే ఇళ్లు కొన్ని, చేపలు పట్టే ఇళ్లు కొన్ని, ఒక వీధి నిండా కూలి పనికి పోయే క్రైస్తవ కుటుంబాలు మిగిలాయి.

కట్ట చివర నీళ్లు పలచబడే చోట ఫోర్‌షోర్ ప్లాంటేషన్ ఉండేది. చెరువు అంచున, నీళ్లు వచ్చిపోయే నేలలో పెంచే చెట్లను అలా అంటారు. అక్కడ వేసింది నల్లతుమ్మ. చెరువు నిండితే ఆ చెట్లు మోకాటి లోతు నీళ్లలో నిలబడతాయి. చుట్టూ నీళ్లు, ఒంటి నిండా ముళ్లు. పిల్లి ఎక్కదు, పాము ఎక్కడం కూడా కష్టమే. కొంగలకు అంతకంటే మంచి చోటు దొరకదు. తెల్లకొంగలు, నీటికాకులు, రాత్రికొంగలు అన్నీ కలిసి ఒకేచోట గూళ్లు కట్టాయి. అలాంటి చోటును హెరోనరీ అంటారని నాకు సంస్థలో చెప్పారు. పిల్లలు దాన్ని కొంగలపేట అన్నారు. నాకు ఆ పేరే బాగుంది.

ఆ ఏడు మా పని నెస్ట్ వాచ్. అంటే గూళ్లకు కాపలా కాదు, గూళ్లను చూడడం. ఒక్కొక్కరు ఒక్కో చెట్టును ఎంచుకొని, కట్ట మీద నుంచి చూసి, ఆదివారం అందరి ముందు చెప్పాలి. గుడ్డు పగిలిందా, పిల్ల తల ఎత్తిందా, తల్లి ఏ దిక్కు నుంచి ఏం తెచ్చింది, అన్నీ చెప్పాలి. మొదట్లో నసిగిన పిల్లలు జనవరి వచ్చేసరికి ఒకరి చెట్టు గురించి ఒకరు కొట్లాడుకునేంతగా చెప్పేవాళ్లు.

అప్పుడు వచ్చాడు కంట్రాక్టర్ రామచంద్రప్ప. హిందూపురం మనిషి. ఆ తుమ్మచెట్లను వేలంలో పాడుకున్నాడు. మార్చి చివరి లోపల కొట్టుకోవడానికి అతని దగ్గర పర్మిట్ ఉంది. అతని మీద నాకు కోపం లేదు. చట్టప్రకారం వచ్చాడు. కూలీలకు మేస్త్రీ కూడా ఆ ఊరివాడే, యేసురత్నం. అతని కొడుకు డేవిడ్ మా క్లబ్బులోనే ఉన్నాడు.

ఫిబ్రవరి నెలకు నాయకురాలు పద్మ. పదమూడేళ్ల పిల్ల. మొదటి ఆదివారం కట్ట మీద రామచంద్రప్పను తనే ఆపింది.

"సార్, కొంగలు పిల్లలు చేసిండే చెట్లు గూడా కొడతారా?"

రామచంద్రప్ప నవ్వాడు. "ఆ చెట్లకు దుడ్లు కట్టింది నేనా, కొంగనా?"

చేపలు పట్టేవాళ్ల పిల్లవాడు గంగాద్రి వెనక నుంచి అందుకున్నాడు. "కొంగ గూడా ఎండ్రికాయలు కట్టిందిలే సార్. కింద చూడు, ఎన్ని చిప్పలు పడిండాయో."

కూలీలంతా నవ్వారు. రామచంద్రప్ప కూడా నవ్వక తప్పలేదు.

"సరే పాపా. గూళ్లుండే చెట్లకు గుర్తు పెట్టుకోండి. వాటిని కడాకు కొడతాం. మార్చి లోపల ఎగిరిపోతే సరి. ఆ పైన నన్ను అడగొద్దు."

"గుర్తు మాత్రం బాగా కనపడేట్లు పెట్టండి" అన్నాడు యేసురత్నం. "మావోళ్లు పొద్దున్నే గొడ్డలి ఎత్తుతారు గానీ కండ్లు తెరవరు."

ఏ గుర్తు పెట్టాలి? రంగు పూద్దామని డేవిడ్ అన్నాడు. వద్దని నేనే చెప్పాను. చెట్లు కొట్టే పనిలో రంగు పూసిన చెట్టంటే కొట్టాల్సిన చెట్టు అని అర్థం. దాన్ని మార్కింగ్ అంటారు. రంగు పూస్తే మన చేత్తో మనమే గొడ్డలికి దారి చూపినట్లవుతుంది. పిల్లలు గుసగుసలాడుకొని ఇళ్లకు వెళ్లారు. వచ్చేటప్పుడు పద్మ చేతిలో ఎర్రటి పట్టుదారం చిక్కులు ఉన్నాయి. నేతలో తెగి మిగిలిపోయే దారం అది. తడిస్తే రంగు పోదు, దూరానికి మెరుస్తుంది. నాకూ బాగానే తోచింది. పిల్లలు ఆ మధ్యాహ్నమే పుట్టిలో తిరిగి గూడున్న ప్రతి చెట్టు మానుకూ దారం చుట్టారు. గూడు లేని చెట్టును ముట్టుకోలేదు. పైన పక్షి లేవకుండా పని ముగించారు. నేను బస్సెక్కి వచ్చేశాను.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. మగ్గం మీదికి కొత్త పడుగు ఎక్కించేటప్పుడు ఆ ఊరి నేత ఇళ్లలో ముందుగా ఒక ఎర్ర పోగు తీసి చౌడమ్మ తల్లి పేరున కట్టి దండం పెట్టుకుంటారు. పిల్లలు పుట్టినప్పటి నుంచి అది చూస్తున్నారు. ఒకదాన్ని ముట్టుకోవద్దని చెప్పాలంటే ఎర్ర పోగు కట్టాలని వాళ్ల చేతులకు తెలుసు. మరి వాళ్ల పెద్దవాళ్లకు తెలియదా?

సోమవారం పొద్దున తిప్పక్క అనే ముసలామె బట్టలు ఉతకడానికి కట్ట మీదికి వచ్చింది. నీళ్లలో ఉన్న చెట్లకు, మనిషి పోవలసిన పని లేని చోట, ఎర్రపోగులు. చేతిలో బట్టలు అక్కడే వదిలేసి ఊళ్లోకి కేక పెట్టింది. తల్లి వచ్చిందని.

అది అంతటితో ఆగేదేమో. కానీ నేసేవాళ్ల కళ్లు దారాన్ని చూసి ఏ ఇంటి రంగో చెప్పేస్తాయి. అది చౌడప్ప ఇంట్లో అద్దిన ఎరుపు. చౌడప్ప మగ్గం నిలిచిపోయి అప్పటికి చాలా రోజులైంది. అది గుంత మగ్గం. కాళ్లు పెట్టుకునే గుంతలోకి చెరువు నీళ్లు ఊరాయి. ఎంత తోడినా మళ్లీ ఊరేవి. ధర్మవరంలో ఇంకొకరి మగ్గం మీద కూలికి కూర్చోవడానికి పోయి, ఇమడలేక తిరిగొచ్చాడు. ఇంటి అరుగు మీద ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చునే మనిషి దగ్గరికి ఊరంతా వచ్చి, తల్లి నీ మగ్గం నుంచే దారం తీసుకుందప్పా అని చెప్పింది. ఆయన నమ్మాడు. ఏడ్చాడు కూడా. పద్మ మంగళవారం నిజం చెబుదామని వెళ్లి, నాయన ముఖం చూసి, చెప్పలేక వెనక్కి వచ్చింది. గురువారానికి ధర్మవరం నుంచి జనం. శుక్రవారానికి మైకు. కూలీలు గొడ్డళ్లు కింద పెట్టేశారు. ఇది పిల్లలు పెట్టిన గుర్తేమోనని కంట్రాక్టర్‌కూ మేస్త్రీకీ అనుమానం వచ్చినా, ఊరంతా తల్లి అంటుంటే కాదనే ధైర్యం చేయలేదు.

ఇదంతా పిల్లలు నన్ను కట్ట వాలులోకి లాక్కుపోయి ఒకరి మాట మీద ఒకరు పడుతూ చెప్పారు.

"మంచిదే గదా అవ్వా" అన్నాడు డేవిడ్. "ఇంగ ఒక్క చెట్టు గూడా కొట్టరు. మా నాయనే కొట్టనంటాండాడు."

"మీ నాయన చౌడమ్మకు మొక్కుతాడా ఏందిరా?" అని గంగాద్రి వెక్కిరించాడు.

"మొక్కడు. కూలోళ్లు మొక్కుతారు గదా. వాళ్లు రాకుంటే ఒక్కడే కొడతాడా?"

పద్మ అంతసేపూ చెట్ల వైపే చూస్తోంది. "చెట్లు ఉంటాయి రా. కొంగలు యాడుండాయి? మైకు మోగినంతసేపు పెద్దకొంగలు దిగవు. నిన్న నా చెట్టులో రెండు పిల్లలు నీళ్లలో పడినాయి. కాకులు వచ్చినాయి."

అది నిజం. ఫిబ్రవరి ఎండ అంటే మనకు లెక్క లేదు గానీ ఈకలు రాని కొంగపిల్లకు అది చాలు. తల్లి రెక్క నీడ లేకపోతే పూట గడవదు. జనం కట్ట మీద ఉన్నంతసేపు తల్లి దిగదు. రేపు సోమవారం ఇంకా పెద్ద పూజ అని మైకులో చెబుతున్నారు.

"నిజం చెప్పేస్తే జనం పోతారు" అన్నాడు గంగాద్రి. "చెప్పేయ్."

"చెప్తే రామచంద్రప్పకు కోపం వస్తాది. అన్నీ కొట్టేస్తాడు" అని డేవిడ్.

"చెప్తే మా నాయన ఏమైతాడు?" అంది పద్మ. "అందరూ కాళ్లు మొక్కినారు ఆయనకు. ఇప్పుడు అందరి ముందర… అవ్వా, నువ్వు చెప్పు. నువ్వు పెద్దదానివి. నీ మాట వింటారు."

నేను మైకు దగ్గరికి పోయి రెండు ముక్కల్లో తేల్చేయగలను. నా నోరు అందరికీ తెలిసిందే. కానీ నేను చెబితే ఏమవుతుంది? సంస్థ వాళ్లు మా తల్లిని కాదన్నారని జనం అంటారు. మళ్లీ ఆ ఊళ్లో క్లబ్బు ఉండదు. అంతకంటే పెద్దది ఇంకొకటి. దారం కట్టింది వాళ్లు. దాని వల్ల వచ్చిన కష్టాన్ని నేను వాళ్ల చేతుల్లోంచి గుంజుకుంటే, ఆ తర్వాత వాళ్లు ఏ పని చేసినా చివర నా ముఖం చూస్తారు.

"ఈ నెల నాయకురాలు ఎవరు?" అని అడిగాను.

"నేనే."

"అయితే నన్నెందుకు అడుగుతున్నావు? ఏం చేయాలో నువ్వు చెప్పు. నేను నీ వెనక నిలబడతాను. తిట్లు పడితే ఇద్దరం కలిసి పడదాం."

పద్మ కోపంగా చూసింది. ఆ చూపు నాకు నచ్చింది. ఏడ్చే పిల్ల కంటే కోపమొచ్చిన పిల్లకు ఆలోచన త్వరగా తెగుతుంది.

"మైకులో చెప్పను" అంది చివరికి. "ముందు నాయనకు చెప్తా. ఆయనకు చెప్పకుండా ఊరికి చెప్తే తప్పు."

ఇది నేను నేర్పింది కాదు. ఆ మాట నాకు తట్టి ఉండేది కూడా కాదు.

పందిరి వెనకకు నాయనను పిలిపించింది. చౌడప్ప పసుపు బట్ట సర్దుకుంటూ వచ్చాడు. నన్ను చూసి నవ్వుతూ, "ఏం ఓబులక్కా, నువ్వు గూడా తల్లిని చూడనీకి వచ్చినావా?" అన్నాడు.

పద్మ తల దించుకోలేదు. "నాయనా, ఆ దారాలు కట్టింది నేను. నేనూ, డేవిడూ, గంగాద్రీ, మేమంతా. కొంగల గూళ్లు కొట్టకుండా గుర్తు కట్టినాం. మన ఇంట్లో చిక్కుదారం నేనే తీసుకున్నా."

చౌడప్ప ముఖంలో నవ్వు కొంచెంసేపు అలాగే ఉంది. తర్వాత అన్నాడు, "నీ చేత కట్టిచ్చింది ఎవరు?"

"ఎవరూ కట్టిచ్చలేదు."

"తల్లే కట్టిచ్చింది. నీకు తెలీదు. నువ్వు చిన్నపిల్లవు. ఇంట్లో ఇంత దారం ఉంటే ఎర్రదే ఎందుకు తీసుకున్నావు? చెప్పు."

పద్మ వాదనకు దిగలేదు.

"సరే నాయనా. తల్లే కట్టిచ్చిందనుకో. ఒక్కసారి నాతో వచ్చి చూడు. చూసినాక నువ్వు ఏమంటే అది."

"జనం ఉండారు మ్మే."

"ఉండనీ. పుట్టి ఈడే ఉండాది."

యేసురత్నం పుట్టి తెచ్చాడు. చౌడప్ప, పద్మ, నేను ఎక్కాము. జనం ఏదో పూజకే అనుకొని దారి ఇచ్చారు. చెట్ల కిందికి పోయేసరికి మైకు దూరమై, పైన సన్నటి కిచకిచలు వినబడ్డాయి. పద్మ తన చెట్టు కింద పుట్టిని ఆపించింది. గూట్లో మూడు పిల్లలు. మెడలు గూటి అంచు మీద వేలాడుతున్నాయి, ముక్కులు తెరిచి ఎగరొప్పుతున్నాయి. ఒకటి కదలడం లేదు. నీళ్లలో, ఎర్రదారం చుట్టిన చెట్టు మొదట్లోనే, ఒక పిల్ల బొక్కబోర్లా తేలుతోంది. దాని మీద ఇంకా ఈకలు లేవు. మేము చూస్తుండగానే పక్క చెట్టు నుంచి కాకి ఒకదాన్ని ఎత్తుకుపోయింది. పైన తల్లికొంగలు చుట్లు కొడుతున్నాయి, అరుస్తున్నాయి, దిగడం లేదు.

చౌడప్ప చేయి చాపి ఆ దారాన్ని పట్టుకున్నాడు. వేళ్ల మధ్య నలిపి చూశాడు. తన పనితనం తనకు తెలియదా? ముడి చూశాడు. అది చిన్నపిల్లలు వేసే ముడి.

"ఈ ముడి నేనే నేర్పించినా దీనికి" అన్నాడు, ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా. తర్వాత, "పుట్టి తిప్పప్పా యేసురత్నం."

కట్ట మీదికి ఎక్కగానే నేరుగా మైకు దగ్గరికి పోయాడు. పద్మ వెంటపడి, "నాయనా, నేను చెప్తా, నేను కట్టినా గదా" అంది. చౌడప్ప ఆమె భుజం మీద చేయి వేసి పక్కన నిలబెట్టుకున్నాడు.

"అందరూ వినండప్పా" అన్నాడు మైకులో. "ఆ దారాలు నా కూతురు కట్టింది. ఇది పద్మ. దాని జతగాళ్లు గూడా. కొంగల గూళ్లు కొట్టకుండా గుర్తుకు కట్టినారు. దారం మా ఇంట్లోది. తల్లి నా మగ్గం నుంచి తీసుకుందని నేను నమ్మినా, మిమ్మల్ని గూడా నమ్మిచ్చినా. ఇప్పుడు పోయి చూసి వచ్చినా. పైన పిల్లలు ఎండకు చస్తాండాయి. మనం ఈడ ఉన్నంతసేపు పెద్దకొంగలు గూటికి దిగవు. అందరూ పోండి. నాకు మొక్కినోళ్లు నన్ను తిట్టుకుంటా పోండి. కానీ పోండి."

మైకు వాడికి ఏం చేయాలో తోచక పాట పెట్టబోయాడు. చౌడప్ప వైరు పీకేశాడు.

తర్వాత కాసేపు నానా గొడవ. గాండ్లపెంట నుంచి వచ్చిన ఒకామె, "రెండు బస్సులు మారి వచ్చినా, నా టెంకాయ నాకియ్యి" అని అడ్డం తిరిగింది. చౌడప్ప రెండు చిప్పలూ ఏరి ఆమె చేతిలో పెట్టాడు. "చీరలు నేసేటోడివి, కథలు నేసేది ఎప్పుడు నేర్చినావప్పా?" అని ఒకడు అరిచాడు. కొందరు బూతులు తిట్టారు. చౌడప్ప పసుపు బట్ట విప్పి మడత పెట్టుకున్నాడు. జనం ఒక్కొక్కరే కట్ట దిగారు. తిప్పక్క మాత్రం కదలలేదు. "బిడ్డ చేత కట్టిచ్చింది తల్లే. మీకెవరికీ తెలీదు, నాకు తెలుసు" అని అక్కడే కూర్చుంది. నోరు మూసుకొని కూర్చుంటే ఉండొచ్చని పద్మ చెప్పింది. మూసుకుంది.

అప్పటిదాకా ఒక పక్క నిలబడి చూసిన రామచంద్రప్ప ముందుకు వచ్చాడు. అతనికి కోపం నిజంగానే ఉంది.

"నా కూలోళ్లు గొడ్డలి ముట్టకుండా కూర్చునిండారు మీ దారం పుణ్యాన. ఇంగ ఏ తల్లీ లేదు గదా? భయం లేదు గదా? అన్నీ కొట్టేస్తా."

పద్మ అతని ఎదురుగా నిలబడింది. "గుర్తు పెట్టిన చెట్టు కడాకు కొడతామని మీరు చెప్పింటిరి సార్. తల్లి ఉందని చెప్పలేదు. కొంగలు ఉండాయని చెప్పినారు. కొంగలు ఇంకా ఉండాయి."

రామచంద్రప్ప ఏదో అనబోయి చౌడప్ప వైపు చూశాడు. చౌడప్ప చేతిలో పసుపు బట్ట పట్టుకొని నిలబడి ఉన్నాడు. కంట్రాక్టర్ మేస్త్రీ వైపు తిరిగి, "ఆ పక్క నుంచి మొదలుపెట్టండప్పా, దారం లేనివి. రేపటి నుంచి. ఈ పొద్దు గొడ్డలి సప్పుడు వద్దు" అన్నాడు. వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు.

కొంగలు తిరిగి వస్తాయా, రావా? అది మాకు ఎవరికీ తెలియదు. ఒకసారి గూడు వదిలిన పక్షి మళ్లీ ఎక్కకపోవచ్చు. అందరం కట్ట అవతలి వాలులోకి దిగి, తలలు మాత్రమే పైకి కనిపించేట్లు కూర్చున్నాము. ఎండ ఎక్కింది. నేల కాలుతోంది. చిన్నపిల్లలు కూడా కదలలేదు. పద్మ పెదవులు కొరుక్కుంటూ తన చెట్టునే చూస్తోంది. చౌడప్ప చెట్టును కాక కూతురిని చూస్తున్నాడు.

ముందు ఒక రాత్రికొంగ దిగింది. దిగి, లేచి, మళ్లీ దిగింది. ఆ తర్వాత పద్మ చెట్టు మీదికి తెల్లకొంగ ఒకటి వచ్చి గూటి అంచున వాలింది. కాసేపు మెడ నిక్కించి చూసింది. అప్పుడు రెండు రెక్కలూ చాపి, ఎండకు వీపు పెట్టి, పిల్లల మీద నీడ పట్టి నిలబడింది. పద్మ ఊపిరి వదలడం నాకు వినిపించింది. ఆ తర్వాత వరసగా వచ్చాయి.

కొంగపిల్లల్లో కొన్ని బతకలేదు. ఆ వారం పోయిన పిల్లలు పోయాయి. మిగిలినవి మార్చిలో ఎగిరాయి. చివరి వారంలో రామచంద్రప్ప దారం కట్టిన చెట్లను కూడా కొట్టుకున్నాడు. లోతు నీళ్లలో ఉన్న కొన్నింటిని మాత్రం కష్టమని వదిలేశాడు. గంగాద్రి ఆ రోజు ఏడ్చాడు. మనం అడిగింది గడువు, అతను గడువు ఇచ్చాడు, మాట ప్రకారం నడుచుకున్నాడు, ఇక ఏడవడానికేం లేదు, చెట్లు కావాలంటే పెంచండి అని చెప్పాను. పెంచారు. తుమ్మకాయలు మేకలకు మేపి, దొడ్డిలో రాలిన గింజలు ఏరి, చెరువు అంచున జల్లారు. అట్లా మేక కడుపులోంచి వచ్చిన గింజ బాగా మొలుస్తుంది. చెరువు మళ్లీ నిండిన ఏడు కొంగలు మిగిలిన చెట్ల మీదికే వచ్చాయి. చౌడప్ప గుంత పూడ్చి, అరుగు ఎత్తి, మగ్గం పైన కట్టుకున్నాడు. 2006లో నేను పని మానుకున్నప్పుడు నా ఊళ్లను పద్మకే అప్పగించాను. చెన్నేకొత్తపల్లి చుట్టుపక్కల క్లబ్బులన్నీ ఆమే నడిపింది. నాకంటే బాగా నడిపింది, ఎందుకంటే ఆమెకు ఓపిక ఉంది.

ఆ తర్వాత శిక్షణలకు పిలిచినప్పుడల్లా కొత్త యానిమేటర్లు నన్ను ఒకటే అడిగేవాళ్లు, పిల్లల్లో నాయకత్వం ఎలా పెంచాలని. నాకు తెలిసింది ఒక్కటే. పిల్లకు నిజమైన పని ఇవ్వండి. ఆ పని చెడితే నష్టం కూడా నిజంగా ఉండాలి. చెడినప్పుడు పరుగెత్తిపోయి బాగు చేయకండి, పక్కన నిలబడండి. బొమ్మపనులు ఇస్తే బొమ్మ నాయకులే వస్తారు. ఇంకొకటి కూడా దిబ్బపల్లిలోనే తెలిసింది. పిల్లను నాయకురాలిని చేయాలంటే ఆమె నాయనను కూడా లెక్కలోకి తీసుకోవాలి. చౌడప్ప ఆ రోజు కూతురిని మైకు ముందు ఒంటరిగా వదిలేసి ఉంటే, నిజం చెప్పినందుకు ఆ పిల్ల ఊళ్లో తలెత్తుకోగలిగేది కాదు.

ఇప్పుడు ధర్మవరంలో ఎవరిని కదిపినా మేమూ ఆ రోజు కట్ట మీద ఉన్నామని చెబుతారు. పూజకు వచ్చినవాళ్లు చాలామందే. కానీ ఎండలో కూర్చొని తెల్లకొంగ దిగేదాకా కదలకుండా ఉన్నవాళ్లు మేమే. డేవిడ్, వాడి చెల్లెలు మేరీ. గంగాద్రి. కదిరమ్మ, నాగవేణి అనే అక్కచెల్లెళ్లు. చేపల బుట్టలో తమ్ముణ్ణి కూర్చోబెట్టుకొని వచ్చిన వెంకటలక్ష్మి, బుట్టలోని ఆ తమ్ముడు శీనడు. మేస్త్రీ యేసురత్నం. కూలీలు హనుమంతు, పెద్దన్న. మైకు తెచ్చి, వైరు పీకేసినా అలగకుండా కూర్చున్న బాబు. కంట్రాక్టర్ రామచంద్రప్ప. ముసలామె తిప్పక్క. ఓబులమ్మ అనే నేను. చౌడప్ప. పద్మ.